బల్ల కాళ్ళు కోయాల్సిన ఆదివారం

ఇస్త్రీ బల్లకి ఎత్తు ఉండాలి. కూర్చుని చేసిన ఇస్త్రీ మొక్కుబడి పలకరింపులాంటిదనీ, గుడ్డ మీదికి ఒళ్ళు వాలితేనే మడత నిలుస్తుందనీ మడత మామయ్య తండ్రి అనేవాడు. తన నడుముకి కొలత పెట్టి మరీ చేయించుకున్న బల్ల అది. ఆయన పోయాక దాని ముందు కొడుకు నిలబడ్డాడు. తండ్రీ కొడుకులది ఒకటే ఎత్తు కావటంతో మనిషి మారిన సంగతి బల్లకి తెలియనే లేదు.

మడత మామయ్య అంటే అసలు పేరు కాదు. అసలు పేరు రేషన్ కార్డు చూస్తే తప్ప పెళ్ళానికి కూడా గుర్తుండేది కాదు. ఆయన ఇస్త్రీ చేసిన పంట్లాం ముందు మడతతో వంకాయలు తరుక్కోవచ్చని ఎదురింటి మంగలి అన్నప్పటి నుంచీ వీధి వీధంతా అలాగే పిలవటం మొదలుపెట్టింది. కొడుక్కి ఒక పేరు పెట్టిన వీధి తల్లిని మాత్రం ఊరికే వదులుతుందా? ఆవిడ గంజత్త అయింది. ఉతుకూ గంజీ ఆవిడవి, మడత కొడుకుది. ఆవిడ గంజి పెట్టి ఆరేసిన చొక్కా, లోపల మనిషి లేకపోయినా గోడకి చేరగిలి నిలబడేది. చొక్కాలకీ చీరలకీ సరే, దిండు గలీబులకీ, చేతిరుమాళ్ళకీ, ఆఖరికి బల్ల తుడిచే పాతగుడ్డకీ కూడా గంజి పెట్టకపోతే ఆవిడ ప్రాణం ఊరుకునేది కాదు. "నలిగిన గుడ్డనీ, నలిగిన మొహాన్నీ గుమ్మం దాటించకూడదే" అని కోడలికి చెబుతుండేది.

అలాంటి ఇంట్లో ఒక రోజు బొగ్గుల ఇస్త్రీపెట్టెలోంచి చిన్న నిప్పు కణిక జారి మడత మామయ్య చెప్పులో పడింది. చక్కెర జబ్బు అప్పటికే పాదాల్లో స్పర్శని తినేసింది. ఆయనకి తెలియలేదు. కణిక వేళ్ళ మధ్య ఆరిపోయేదాకా నిలబడి పెళ్ళివారి బట్టల మూట మొత్తం ఇస్త్రీ చేశాడు. కాలిన వాసన వస్తే గుడ్డ మాడిందేమోనని బల్లంతా వెతికాడు గానీ కిందికి చూడలేదు. ఆ తరవాత కూడా చాలా రోజులు చూసుకోలేదు. బల్ల మీద దారప్పోగు లేచినా కనిపెట్టే మనిషి, సొంత పాదం వాపుని పట్టించుకోలేదు. వేలు తీస్తే సరిపోతుందన్నారు. తరవాత పాదం అన్నారు. చివరికి మోకాలి కింద జానెడు మిగిల్చి తీసేశారు.

ఇంట్లో అందరూ ఏడ్చారు, ఒక్క గంజత్త తప్ప. ఆవిడ ఆసుపత్రి దుప్పటి అంచు పట్టుకుని, "దీన్ని సరిగ్గా జాడించలేదు" అంది. దుఃఖం వస్తే ఆవిడకి గుడ్డలే కనిపిస్తాయి.

పుండు మానాక, మొండికి రోజూ పట్టీ చుట్టి చుట్టి సన్నబరిచాక, పెట్టుడు కాళ్ళు చేసే కేంద్రానికి పంపించారు. అక్కడ కాళ్ళ మేస్త్రి అచ్చు తీసి, మొండి కూర్చునే గిన్నె చేసి, దాని కింద గొట్టమూ పాదమూ బిగించాడు. నడక నేర్పే ఆవిడని అందరూ నడక పంతులమ్మ అంటారు. రెండు ఇనప కమ్మీల మధ్య మనుషుల్ని నిలబెట్టి, "బరువు కొత్త కాలి మీద వెయ్యండి. అప్పిచ్చినట్టు కొంచెం కొంచెం కాదు, కూతుర్ని అత్తారింటికి పంపినట్టు నమ్మి వెయ్యండి" అనేది.

కమ్మీల దగ్గర మడత మామయ్యకి ఒక స్నేహితుడు కూడా దొరికాడు. బస్సు కండక్టరు. ఆయనకి తొడ దాకా పోయింది. అయినా నోరు మాత్రం డ్యూటీలోనే ఉండేది. మడత మామయ్య అడుగు వేయటానికి తటపటాయిస్తే వెనకనుంచి, "ముందుకు జరగండి, ముందంతా ఖాళీ, ఫుట్‌బోర్డు మీద నిలబడకండి" అని కేక వేసేవాడు. నవ్వొచ్చి అడుగు దానంతటదే పడేది.

ఇస్త్రీ మనిషికి బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మార్చటం కొత్త విద్యేం కాదు. పెట్టె ముందుకి పోతుంటే ఒళ్ళు వాలుతుంది, వెనక్కి వస్తుంటే నిలుస్తుంది. ఆ ఊపు గుర్తొచ్చాక మడత మామయ్య మిగతావాళ్ళకంటే ముందే కమ్మీలు వదిలాడు. చేతికర్రతో వరండా చుట్టి వచ్చాడు. ఇంటికి పంపేటప్పుడు పంతులమ్మ రెండే మాటలు చెప్పింది.

"మొండిని రోజూ మీ చేత్తో తడిమి, అద్దం పెట్టి చూసుకోండి. గిన్నెలోకి వెళ్ళేముందు తొడిగే మేజోడుని రోజూ ఉతికి, ముడత లేకుండా మీ చేత్తో మీరే తొడుక్కోండి. చేస్తారా?"

"చేస్తానమ్మా" అన్నాడు.

చేయలేదు.

ఎందుకంటే చెప్పుకోవటానికి సిగ్గు. ఆయన ఆ మొండిని ఒక్కసారి కూడా చూడలేదు. పట్టీ కట్టేటప్పుడు నర్సు చూసింది, అచ్చు తీసేటప్పుడు మేస్త్రి చూశాడు, ఇంటి దగ్గర తల్లీ పెళ్ళామూ చూశారు. ఆయన మాత్రం పొద్దున్నే మంచం అంచున కూర్చుని, కాలు ముందుకి చాపి, మొహం కిటికీ వైపు తిప్పుకునేవాడు. తల్లి మేజోడు తొడిగేది. పెళ్ళాం కాలు తగిలించేది. అంతా అయ్యాక, "అయిందా" అని ఇటు తిరిగేవాడు, క్షవరం చేయించుకున్నవాడిలా.

ఇంటికొచ్చిన వారం తిరక్కుండానే నొప్పి మొదలైంది. బల్ల ముందు నిలబడి నాలుగు చొక్కాలు చేసేసరికి ముందు ఎముక మీద ఎవరో బ్లేడు పెట్టి గీస్తున్నట్టుండేది. సాయంత్రం కాలు తీస్తే మొండి మీద ఎర్రగా గీత. పెళ్ళాం చెప్పింది, ఆయన చూడలేదు. కేంద్రానికి వెళ్ళాడు. కాలు సంచిలో పెట్టుకుని, చంకకర్రల మీద. అక్కడి మేజోడు తొడిగి, కాలు తగిలించి నడిపించారు. నొప్పి లేదు.

"ఇక్కడ లేదు, ఇంటికెళ్తే ఉందా?" అంది పంతులమ్మ.

"బల్ల దగ్గరే వస్తోందమ్మా."

"పనంటే వచ్చే నొప్పి నాకూ ఉండేది మామా. పెళ్ళయిన కొత్తలో" అన్నాడు కండక్టరు. అందరూ నవ్వారు. మడత మామయ్యకి మాత్రం ఆ నవ్వు ముల్లులా గుచ్చుకుంది.

పంతులమ్మ నవ్వలేదు. వంగి ఆ గీత వైపు చాలాసేపు చూసింది. "గిన్నె ఒరిస్తే మచ్చలా వస్తుంది గానీ, ఇలా స్కేలు పెట్టి గీసినట్టు రాదే" అని, "రోజూ మీరే చూసుకుంటున్నారా? మీరే తొడుక్కుంటున్నారా?" అని అడిగింది.

"నేనేనమ్మా" అన్నాడాయన, గోడ గడియారం వైపు చూస్తూ.

మేస్త్రి పాపం గిన్నె లోపల కొంచెం అరగదీసి పంపించాడు. గీత మళ్ళీ వచ్చింది. ఈసారి చర్మం చిట్లింది.

ఆ రోజు మడత మామయ్య పెట్టుడు కాలు విప్పించి, విడిచిన బట్టల మూట వెనక్కి తోయించాడు. "నా ఒంటికి అది పడదు. పడనిదాన్ని ఎంతకాలం మొయ్యను? మీ తమ్ముణ్ణి రమ్మను" అన్నాడు పెళ్ళాంతో.

ఆవిడ తమ్ముడు వడ్రంగి. బావకి కాలు పోయినప్పటి నుంచీ ఒకటే మాట అంటున్నాడు. బల్ల నాలుగు కాళ్ళూ కోసి పొట్టి చేస్తే, బావ కుర్చీలో కూర్చుని హాయిగా ఇస్త్రీ చేసుకోవచ్చని. మంచి మాటే. చెడ్డ ఉద్దేశమేమీ లేదు. కానీ అప్పుడు గంజత్త, "ఈ ఇంట్లో పోయిన కాలు ఒకటి చాలదురా? ఇంకో నాలుగు కోస్తావా?" అనేసరికి నోరు మూసుకున్నాడు. ఇప్పుడు బావే రమ్మన్నాడు. ఆదివారం రంపం తీసుకొస్తానని కబురు పంపాడు.

కోసిన కాళ్ళు అతుక్కోవు. బల్లవైనా, మనిషివైనా. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు. పెళ్ళాం నిలబడి ఇస్త్రీ చేస్తుంటే ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఇస్త్రీ చేస్తూ గుడ్డల మీదా, గుడ్డలు గలవాళ్ళ మీదా వ్యాఖ్యానం చెప్పే మనిషి, ఆ ఇంట్లో అంత నిశ్శబ్దంగా ఎన్నడూ లేడు.

శనివారం మధ్యాహ్నం అత్తాకోడళ్ళు చెరో మూటా ఎత్తుకుని బట్టలు ఇచ్చి రావటానికి వెళ్ళారు. కాసేపటికే మబ్బు కమ్ముకుంది. పెరట్లో దండెం నిండా బట్టలు. గాలి లేచి చీరలు ఫెళఫెళ కొట్టుకుంటున్నాయి. ఉతికిన బట్ట వానలో తడుస్తుంటే పడుకుని చూసే మనిషి ఆ వంశంలో పుట్టలేదు. మడత మామయ్య చంకకర్రలు అందుకుని పెరట్లోకి వచ్చాడు. ఒక కర్ర గోడకి ఆనించి, ఒక కర్ర మీద నిలబడి, ఖాళీ చేత్తో బట్టలు లాగి భుజాన వేసుకోవటం మొదలుపెట్టాడు.

చేతికి తగిలిన గుడ్డ ఏదో ఆయన చూడక్కర్లేదు. ఇది రంగులవాళ్ళింటి దుప్పటి, ఇది గుమాస్తా చొక్కా, కాలరు దగ్గర అరిగింది. ఇది మంగలి తువ్వాలు, ఎన్ని ఉతుకులు ఉతికినా వెంట్రుక పోదు. అలా దండెం చివరికి వచ్చేసరికి చేతికి ఒక కొత్త గుడ్డ తగిలింది. ఆయన వేళ్ళు ఆగిపోయాయి. ఆ ఇంట్లో ఆయన వేళ్ళకి తెలియని గుడ్డ లేదు. ఇది తెలియలేదు.

అట్టలా ఉంది. వేళ్ళతో నలిపితే చిటపటమంది. మధ్యలో పై నుంచి కింది దాకా కత్తివాదరలాంటి మడత.

ఇటు తిరిగి చూశాడు. పొడుగాటి తెల్ల మేజోడు. దాని పక్కన ఇంకోటి, అదీ అంతే. తనవే.

చినుకులు మొదలయ్యాయి. బట్టలన్నీ లోపల పడేసి, మంచం అంచున కూర్చుని ఆ మేజోడుని ఒళ్ళో పెట్టుకున్నాడు. గంజి ఎవరిదో చెప్పటానికి క్షణం పట్టలేదు. అంత చిక్కగా, అంత సమంగా గంజి పట్టించే చెయ్యి ఊళ్ళో ఒక్కటే ఉంది. ఆరిన తరవాత మళ్ళీ నీళ్ళు చిలకరించి ఇస్త్రీ కూడా చేసింది. ఆఫీసరు పంట్లానికి పెట్టినట్టు ముందు వైపు మడత పెట్టింది. ఆ చిలకరించిన తడి ఆరటానికే మళ్ళీ దండెం ఎక్కించినట్టుంది.

ఆ మడత ఎక్కడికి వస్తుందో తెలియాలంటే కాలు మీద పెట్టి చూడాలి.

ఆయన చాలాసేపు కిటికీ వైపే చూశాడు. వాన పెరిగింది. చూడటానికి బయట ఏమీ మిగల్లేదు. అప్పుడు పంచె పైకి జరిపి, తల కిందికి దించాడు.

ఇన్నాళ్ళూ ఏదో భయంకరమైనది ఉంటుందనుకున్నాడు. నున్నగా, గుండ్రంగా, పొయ్యి దగ్గర పడుకున్న పిల్లి వీపులా ఉంది. చెయ్యి వేశాడు. వెచ్చగా తగిలింది. తన చెయ్యి కాలికి తెలిసింది, తన కాలు చేతికి తెలిసింది. కింద అడ్డంగా కుట్టు. దాని మీద బొటనవేలు నడిపించి, "బాగానే కుట్టాడు, ఎక్కడా పొంగు లేదు" అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తనకే నవ్వొచ్చింది. నవ్వు అవుతుండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముందు ఎముక మీద సన్నటి గీత, మధ్యలో చిట్లిన చోట ఎండిన రక్తం. ఒళ్ళో మేజోడు తీసి గీత పక్కన పెట్టాడు. మడతా గీతా ఒకటే కొలత.

కాలికి నొప్పి ఉందని ఒళ్ళు రోజూ చెప్పింది. చూడమని పంతులమ్మ చెప్పింది. నిప్పు పడ్డ రోజున కూడా ఇలాగే కదా. కిందికి చూడక పోగొట్టుకున్నవాడు, పోయిన తరవాత కూడా కిందికి చూడలేదు.

తడిసి ముద్దయి వచ్చిన గంజత్త, "బట్టలు తీశావా నాయనా" అంటూ లోపలికి వచ్చి, కొడుకు చేతిలో మేజోడు చూసి ఆగింది.

"అమ్మా, దీనికి గంజి పెట్టావా?"

"పెట్టకపోతే? వానపాములా వేలాడుతూ ఉంటుంది."

"మేజోడుకి ఎవరైనా గంజి పెడతారటే?"

"పదిమంది చూసే చోటికి వెళ్తావు. అక్కడ కాలు విప్పినప్పుడు నలిగిన గుడ్డ కనబడితే ఎవరిని అంటారు? నిన్నా, నన్నా?" అని, ఆవిడ కొడుకు కాలి వైపు చూసింది. పంచె పైకే ఉంది. మేజోడు మడతని చూసింది, గీతని చూసింది. ఎన్ని వేల మడతలు చూసిన కళ్ళో, ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. ఆవిడ అక్కడే నేల మీద కూలబడింది.

కోడలు వెనకనుంచి వచ్చి, "అత్తయ్యా, తడిబట్టలు మార్చుకోండి" అంది. ఆవిడ కదల్లేదు.

"నువ్వు చూసుకోనన్నావు కదరా" అంది చివరికి, మెల్లగా. "ఎవరో ఒకరు చూడాలి కదా అని నేను చూశాను. నాకు తెలిసిన మంచి అదొక్కటే. అదే చేశాను."

మడత మామయ్య చంకకర్ర అందుకుని లేచాడు. మేజోడుని బకెట్టు నీళ్ళలో పడేసి, "ఎన్నిసార్లు జాడిస్తే పోతుంది ఇది?" అని అడిగాడు.

"నేను పెట్టింది అంత తేలిగ్గా పోదు" అంది గంజత్త, ఏడుస్తూనే.

ఆదివారం పొద్దున్నే బావమరిది రంపంతో దిగాడు. పుండు పచ్చిగా ఉంది, కాలు తొడగటానికి లేదు. బావ కుర్చీలో కూర్చునే ఉన్నాడు. బావమరిది బల్ల కింద దూరి కొలతలు పెన్సిలుతో గీశాడు. రంపం ఆనించబోతుంటే మడత మామయ్య అన్నాడు.

"ఆగరా. పుండు మానేదాకా ఆగు."

"మానినా మళ్ళీ వస్తే?"

"రాదు."

"ఎలా చెబుతావు బావా? నిన్నటిదాకా నీ ఒంటికే పడదన్నావుగా."

"పడనిది కాలు కాదులే. ఇంకోటి."

ఏమిటని అక్క వైపు చూశాడు. అక్క అత్తగారి వైపు చూసి, మాట మింగేసింది. గంజత్త పెరటి గుమ్మంలో కూర్చుని ఎక్కడో చూస్తోంది.

"సరే, రంపం పట్టుకొచ్చాక ఉత్తినే వెళ్తే నా చేతులు దురదపెడతాయి" అని బావమరిది పెరట్లో మూలపడ్డ విరిగిన బెంచీ లాక్కొచ్చి, దాన్ని కోసి, బల్ల ఎత్తుకి సరిపోయే పొడుగు స్టూలు చేశాడు. "నిలబడు, అలిసిపోతే దీనికి చేరగిలు. బల్ల జోలికి నేను రాను. ఆ గీతలు మాత్రం ఉంచుతున్నా. నువ్వు మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకున్నావని అక్క చెప్పిందో, కొలతలు తియ్యకుండానే కోసేస్తా."

పుండు మానటానికి పట్టాల్సినంత కాలం పట్టింది. ఈలోపు మడత మామయ్య ఉతకటం నేర్చుకున్నాడు. ఇస్త్రీ వంశంలో పుట్టి కూడా తనకి మేజోడు సరిగ్గా పిండటం రాదని అప్పుడు తెలిసింది. పెళ్ళాం నవ్వింది. అద్దం పెట్టుకుని పొద్దునా సాయంత్రం మొండిని చూసుకున్నాడు, రెండో పాదాన్ని కూడా వేలు వేలుకీ చూసుకున్నాడు. కేంద్రానికి వెళ్ళి పంతులమ్మతో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆవిడ కోప్పడుతుందనుకున్నాడు. ఆవిడ మేజోడు చేత్తో పట్టుకుని నలిపి చూసి, "మెత్తగా ఉంది. ఇక తొడుక్కోండి, నేను చూస్తాను" అంది. ఆయన తలదించి, మొండిని చూసుకుంటూ, ముడత లేకుండా మేజోడు లాక్కుని కాలు తొడుక్కున్నాడు. కండక్టరు అవతలి కమ్మీల దగ్గరనుంచి, "టికెట్టు తీసుకున్నారా ఇవాళ? ఇన్నాళ్ళూ ఊరికే ఎక్కారు" అన్నాడు.

నెమ్మదిగా బల్ల దగ్గరికి వచ్చాడు. ఒక చొక్కా చేసి, స్టూలుకి చేరగిలి, మళ్ళీ ఇంకో చొక్కా. గీత రాలేదు.

వచ్చిన చిక్కల్లా ఇంకోటి. గంజత్త గంజి మానేసింది. ఎవరూ మానమనలేదు. ఉతికి, ఆరేసి, మెత్తగా తెచ్చి బల్ల మీద పెట్టేది. అడిగితే, "చేతులు లాగుతున్నాయి" అనేది. గంజి కాచే గిన్నె బోర్లించి ఉంది. మడత మామయ్య ఎంత ఒళ్ళు వాల్చినా మడత నిలవటం లేదు. ఒక పొద్దున గుమాస్తా చొక్కా పట్టుకుని వచ్చి, కాలరు పైకెత్తి వదిలాడు. అది వాడిపోయిన తోటకూరలా వాలింది.

"ఏమయిందయ్యా మీ ఇంటికి?" అన్నాడు.

"రేపటికి చూడండి" అన్నాడు మడత మామయ్య.

గుమాస్తా వెళ్ళాక వంటింట్లోకి వెళ్ళాడు. చేతికర్ర పొయ్యి పక్కన గోడకి ఆనించి, గంజి గిన్నె తిరగేసి కడిగాడు. నీళ్ళు కాగాక గంజిపొడి కలిపి తిప్పాడు. ఎంత తిప్పాలో, ఎప్పుడు దించాలో తెలియదు. దించాడు. గిన్నె వేడిగా ఉంది, బరువుగా ఉంది, రెండు చెవులూ రెండు చేతులతో పట్టుకుంటే గానీ కదలదు. గుడ్డతో పట్టుకుని, వంటింటి గుమ్మం దాటి, మెట్టు మీద కొత్త కాలు ముందు దించి, పెరట్లో తల్లి కూర్చున్న ఉతుకుడు బండ దాకా తీసుకెళ్ళాడు. ఒలికితే కాలుతుందన్న ధ్యాస తప్ప ఆయనకి ఇంకో ధ్యాస లేదు.

గంజత్త తలెత్తి చూసింది. గిన్నెని కాదు. ఆయన చేతుల్ని. ఆ తరవాత కాళ్ళని.

"ఏమిట్రా ఇది?"

"గంజి."

ఆవిడ చల్లారేదాకా ఆగలేదు. పక్కనున్న పుల్లతో ఒకసారి కెలికి, పైకెత్తి, జారనిచ్చింది. జారింది కొంత, ఊడిపడింది కొంత.

"ఉండలు కట్టింది" అంది.

"అయితే నువ్వే కాచు."

ఆవిడ కొంగు బిగించి లేచి, గిన్నె తన వైపు లాక్కుంది. "ఇంత పొడి పోశావేంట్రా, గోడకి పోస్టర్లు అతికిద్దామనా" అంటూ చల్లనీళ్ళు కలపటం మొదలుపెట్టింది. రెండు చెంబులు పోశాక చెయ్యి ఆపి, దండెం వైపు చూపించింది.

"నీ మేజోళ్ళు మాత్రం ఇక్కడ ఆరెయ్యకు. అటు గోడ వైపు దండెం కట్టుకో. నా చేతిని నేనే నమ్మను."

"అలాగే" అన్నాడు మడత మామయ్య. గుడ్డ భుజాన వేసుకుని, గుమాస్తా చొక్కా ఆవిడకి ఇవ్వటానికి బల్ల దగ్గరికి తిరిగి వెళ్ళాడు.

వంటింట్లోకి వచ్చిన పెళ్ళాం పొయ్యి పక్కన గోడకి ఆనించి ఉన్న చేతికర్రని చూసింది. ఆయన్ని పిలవబోయి, మనసు మార్చుకుని, కర్రని అక్కడే ఉంచి పొయ్యి ఆర్పింది.